ఎర్రనూలు ఏడు చుట్లు

నా పేరు శాంతిప్రియ. ఆ పేరు నేను పుట్టకముందే అనుకుని పెట్టేశారు, నన్ను చూశాకైతే పెట్టేవాళ్లు కాదు. కోవిల్‌పట్టిలో వ్యాను నడుపుతాను. పొద్దున ఆరున్నరకు బయలుదేరి నాలుగు ఊళ్లలో పద్నాలుగుమంది ఆడవాళ్లను ఎక్కించుకుని అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ దగ్గర దించాలి. ఆ ఫ్యాక్టరీని ఇక్కడ అందరూ తీపెట్టి ఆఫీసంటారు. సాయంత్రం మళ్లీ అందరినీ ఇళ్లకు చేర్చాలి. ఒక్క సోమవారం నా వ్యాను రాలేదంటే మంగళవారానికల్లా ఇంకొకడి వ్యాను ఆ గేటు ముందు నిలబడి ఉంటుంది.

అందుకే కార్తీక మాసంలో ఆ ఆదివారం పొద్దున్నే వ్యాను కింద దూరాను. మూడో గేరు నుంచి రెండుకు దించుతుంటే వారం రోజులుగా కర్రుమంటోంది. గేరుబాక్సులో ఆయిలు పాడైపోయి ఉంటుందనుకున్నాను. పాడవక ఏం చేస్తుంది? కొన్న ఆరేళ్లలో ఒక్కసారీ నేను మార్చలేదు, ఎవరినీ మార్చనివ్వలేదు. ఇంజన్ ఆయిలు నేనే మారుస్తాను, బ్రేకులు నేనే చూసుకుంటాను. గేరుబాక్సు మాత్రం మా నాన్నే విప్పాలని మొండిపట్టు పట్టి కూర్చున్నాను. ఆయనేమో నా బండిని ముట్టనని సత్యం చేసి కూర్చున్నాడు.

మా నాన్న పేరు శంకరలింగం. విరుదునగర్‌లో ఆయనకు మెకానిక్ షెడ్డుంది. పుట్టింది అరుప్పుకోట్టైలో, మగ్గాల ఇంట్లో. చిన్నప్పుడు కండెలకు నూలు చుట్టిన చేతులే పెద్దయ్యాక పానాలు పట్టుకున్నాయి. నాకు నాలుగేళ్లప్పుడు అమ్మ పోయింది. అప్పటినుంచి నేను ఆ షెడ్డులోనే, పాత టైర్ల మధ్య పెరిగాను. పన్నెండేళ్లకే కళ్లు మూసుకుని చేతిలో పెట్టినా అది ఎన్నో నంబరు పానానో చెప్పేదాన్ని. పదో క్లాసులో ఉండగా ఎవడో లారీ డ్రైవరు నన్ను చూసి ఏదో కూశాడు. నాన్న నా చేతిలోంచి పానా లాగేసుకుని, "ఇంక చాలు పాపా, ఇంటికి పో" అన్నాడు. ఆ తరువాత ఆ షెడ్డులో నా చేతికి ఒక్క నట్టు కూడా ఇవ్వలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఆరేళ్ల కిందట ఆయుధపూజ రోజున నాన్న పానాలకు, జాకీలకు చందనం, కుంకుమ పెట్టి కర్పూరం వెలిగించాడు. నోరు మూసుకుని దణ్ణం పెట్టుకుని రావచ్చు కదా నేను? ఆ కర్పూరం ముందే చెప్పేశాను.

"నైనా, సెకండ్‌హ్యాండ్‌లో ఒక వ్యాను కొన్నాము. నేనేదా నడపబోతా."

ఆయన మొహం మాడిపోయింది. "మొగుడు మిఠాయి కాచేది చాలలేదా? నువ్వు గూడా రోడ్డెక్కల్లా?"

నేను మాటకు మాట అన్నాను. పూజకొచ్చిన నలుగురూ గుడ్లప్పగించి చూస్తున్నారు. నాన్న కుడిచెయ్యి కర్పూరం మంట మీద పెట్టి, "మారియమ్మ సత్యంగా చెప్తా ఉండా. ఈ కుడిచేత్తో నీ బండిని ముట్టను" అన్నాడు. నేను తగ్గుతానా? "నువ్వొచ్చి నా బండిని ముట్టేదాకా నేను నీ షెడ్డు గడప తొక్కను పో" అని చెప్పులేసుకుని వచ్చేశాను. అంతే, ఆరేళ్లు. ఫోను లేదు, మాట లేదు. మా వాళ్లలో సత్యమంటే ఆట కాదు. సత్యం చేసిన చెయ్యి మాట తప్పితే ఆ చెయ్యి పడిపోతుందని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాను. కాబట్టి ఆయన రాడని తెలుసు. తెలిసీ ఎదురుచూశాను, సిగ్గులేకుండా.

సరే, గేరుబాక్సు సంగతికి వస్తాను. గేరుబాక్సు అడుగున ఒక బిరడా ఉంటుంది, అది విప్పితే పాత ఆయిలు కారిపోతుంది. పక్కన కొంచెం పైగా ఇంకొకటి ఉంటుంది, కొత్త ఆయిలు పోసేది అందులోంచి. ముందు పక్క బిరడా వదులవుతుందో లేదో చూసుకుని, ఆ తరువాతే అడుగుదాని మీద చెయ్యి వెయ్యాలని నాన్న నాకు ఏడేళ్లప్పుడే నేర్పాడు. అది వదలకపోతే ఖాళీ గేరుబాక్సుతో బండి అక్కడే పడుంటుంది. అంత తెలిసినదాన్ని, ఆ పొద్దున ఏ దయ్యం పట్టిందో, నేరుగా అడుగు బిరడా మీదికి పోయాను.

పానా వేసి లాగాను. కదల్లేదు. రెండు చేతులతో లాగాను. పానా జారి వేళ్ల కణుపులు ఛాసిస్‌కు కొట్టుకుని చర్మం లేచిపోయింది. కిరసనాయిలు పోసి అరగంట ఆగాను. చుట్టూ సుత్తితో నెమ్మదిగా తట్టాను. బండిని ఎట్టయపురం రోడ్డు మీద నాలుగు మైళ్లు తిప్పి, వేడెక్కాక మళ్లీ పట్టాను. ఊహూఁ. నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయలేను.

మా అత్త చెల్లమ్మాళ్ వాకిట్లో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. "ఏమే, బండి కింద ఎవుర్ని తిడ్తా ఉండావు? పక్కింటోళ్లు నన్నేదా అనుకొంటారు."

"అత్తా, సుమ్మా కూసోకుండా ఇట్ల రా. ఈ పైపు మీద కాలు పెట్టి తొక్కు."

పాత బోరు పంపు పైపు ముక్క ఒకటుంది. దాన్ని పానా పిడికి తొడిగాను. అత్త చీర ఎగదోపుకుని వచ్చింది. అప్పుడు నాన్న పద్ధతి గుర్తొచ్చింది. మొరాయించే బిరడాను ముందు వెంట్రుకవాసి బిగించి, ఆ తరువాత విప్పాలి. కాస్త కుడికి నొక్కి, "ఇప్పుడు తొక్కు అత్తా!" అని అరిచాను. అత్త తొక్కింది. టపీమని పెద్ద చప్పుడు. ఏదో విరిగిపోయిందనుకున్నాను. లేదు, బిరడా తిరిగింది. "అడేయప్పా, నా కాలికి ఇంత బలముండాదా!" అని అత్త మురిసిపోతూ ఉల్లిపాయల దగ్గరికి పోయింది.

బేసిను కింద పెట్టి వేళ్లతో బిరడా ఊడదీశాను. ఆరేళ్ల పాత ఆయిలు తారులాగా, మాడు కంపుతో దిగుతుందని మొహం పక్కకు తిప్పుకున్నాను. దిగింది. కంపు లేదు. తిరిగి చూస్తే బేసినులోకి తేనెలా బంగారు రంగు ఆయిలు ధారకట్టి దిగుతోంది. కొత్త ఆయిలు! వేలు పెట్టి చూశాను, వాసన చూశాను, ఎండలోకి చెయ్యి చాపి చూశాను. పోసి రెండు నెలలు కూడా అయి ఉండదు. నా బండి, నా తాళం, నా వాకిలి. ఎవరు మార్చారు?

మంచి ఆయిలు కారిపోతోందని అప్పుడు తెలివొచ్చి బేసిను సర్దాను. అప్పటికే మొత్తం దిగిపోయింది. చేతిలో ఉన్న బిరడాను చీరకొంగుతో తుడిచాను.

దాని మరచుట్ల మీద ఎర్రనూలు చుట్టి ఉంది.

ఓరి దేవుడా! వెల్లకిలా పడుకున్నదాన్ని లేవబోయి తల గేరుబాక్సుకు కొట్టుకున్నాను. లోకంలో మెకానిక్కులందరూ టేపు చుడతారు, లేకపోతే వాషరు వేస్తారు. కొవ్వొత్తి మైనం పట్టించిన ఎర్ర మగ్గం నూలు ఏడు చుట్లు చుట్టి, కొసను సాలెవాళ్ల ముడితో అణచిపెట్టే మనిషి నాకు తెలిసి ఒక్కడే. ఆ ముడిని చీకట్లో తడిమినా గుర్తుపడతాను. మా నాన్న నా బండిని ముట్టాడు.

సంతోషించాల్సింది కదా? అరనిమిషం సంతోషించాను కూడా. ఆ తరువాత నూలును సరిగా చూశాను.

నూలు తిప్పి చుట్టి ఉంది. బిరడా బిగిసే వైపుకే నూలు చుట్టాలి, అప్పుడే బిగించేకొద్దీ అది మరల్లో సర్దుకుంటుంది. ఎదురువైపు చుడితే మొదటి తిప్పుకే విడిపోయి, ఉండలు కట్టి ఇరుక్కుపోతుంది. పొద్దుటినుంచి నన్ను చంపింది అదే. సగం నూలు ముద్దకట్టి ఉంది, తల దగ్గర మిగిలిన రెండు చుట్లు తప్పు వైపుకు వాలి ఉన్నాయి. నలభై ఏళ్లు కండెలూ బిరడాలూ చుట్టిన మనిషి ఇంత తప్పు చెయ్యడు. చస్తే చెయ్యడు.

వ్యాను కిందనుంచి బయటికొచ్చి, నా జడ రిబ్బను విప్పి నేనే చుట్టి చూశాను. బిరడా ఎడమచేత పట్టుకుని కుడిచేత్తో చుడితే సరిగ్గా వచ్చింది. అప్పుడు బిరడా మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఎడమచేత్తో చుట్టాను. తిరగబడి వచ్చింది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే. నాన్న దీన్ని ఎడమచేత్తో చుట్టాడు. అంటే కుడిచెయ్యి ఏమైనట్టు?

సరిగ్గా అప్పుడే నా మొగుడు నరేన్ వచ్చాడు. వేరుశనగ మిఠాయి కొట్టులో బెల్లం పాకం కాస్తాడు, ఆదివారం సగం రోజే పని. ఒంటినిండా బెల్లం వాసన. నా చేతిలో బిరడా చూశాడు, బేసిను చూశాడు, వచ్చినదారినే వెనక్కి తిరగబోయాడు.

"ఆగు బావా! బండి విరుదునగర్ ఎప్పుడు పోయె?"

"అదీ... ఏటేటా ఆయుధపూజ ముందర వాటర్ వాష్ అని తీస్కపోతానే, అప్పుడేదా." తల దించుకున్నాడు. "మామనే ఫోన్ చేసి తెమ్మనె. నీకు చెప్పగూడదని నా దగ్గర సత్యం వాంగుకొనె. నేనేం చేసేది?"

"మీ సత్యాలు తగలెయ్య! నైనా చెయ్యికి ఏమాయె?"

"చెయ్యా?" నరేన్ బిత్తరపోయాడు. "నేను పని చేసేది చూడలే. బండి పెట్టంగానే పోయి ఎణ్ణె పరోటా తినేసి గంటైనాక రా అంటాడు. పోయినసారి మాత్రం పర్సు మర్చిపోయి తిరిగొస్తిని. అప్పుడు..."

"అప్పుడు? చెప్పు!"

"కుడిచెయ్యి టవల్‌తో మెడకు కట్టేసుకొని ఉండె. ఏమాయె మామా అంటే, సుమ్మా పో అనె."

అంతా అర్థమైపోయింది. సత్యం చేసిన చేత్తో నా బండిని ముట్టాడు. నా మొండితనం కోసం ముట్టాడు. చెయ్యి పడిపోయింది. ఒంటిచేత్తో, ఎవరికీ చెప్పకుండా, మళ్లీ మళ్లీ నా బండే బాగుచేశాడు. నేనిక్కడ ఆరేళ్లు ఆయన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. బిరడా గుప్పిట్లో పట్టుకుని అలాగే బస్టాండుకు పరిగెత్తాను. వెనక నుంచి అత్త, "చెయ్యన్నా కడుక్కొని పోవే!" అని కేకేస్తోంది.

సాత్తూరు దగ్గర బస్సు పది నిమిషాలు ఆగితే కండక్టరు మీద విరుచుకుపడ్డాను. పక్కన కూర్చున్న ఆవిడ నా గ్రీసు చేతులు చూసి జరిగి కూర్చుంది. ఆస్పత్రికి పోయాడా? అన్నం ఎవరు పెడుతున్నారు? షర్టు గుండీలు ఎలా పెట్టుకుంటున్నాడు? దారిపొడుగునా ఇవే. మారియమ్మా, నా ఆరేళ్ల పౌరుషం నీ కాళ్ల దగ్గర పెడతాను, ఆ చెయ్యి తిరిగి ఇచ్చెయ్యమని మొక్కుకున్నాను.

విరుదునగర్‌లో దిగి షెడ్డుదాకా పరిగెత్తాను. గడప దాటానన్న సంగతి కూడా నాకు తెలియలేదు. లోపల నాన్న ఒక జీపు చక్రం ముందు గొంతుక్కూర్చుని నట్టు బిగిస్తున్నాడు.

కుడిచేత్తో!

ఆయన తలెత్తాడు. ఆయన చేతిలో పానా కిందపడింది. ఇద్దరం ఒకరినొకరు దయ్యాలను చూసినట్టు చూసుకున్నాం. నేను పోయి ఆ చెయ్యి పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటి మడిచి చూశాను, గిల్లి చూశాను.

"అబ్బా! ఏందే పాపా, నొస్తా ఉండాది!"

"నొస్తా ఉండాదా? బాగుండాదా? మరి మెడకు ఎందుకు కట్టుకొంటివి? చెయ్యి పడిపోయిందని ఒక గంట సేపు బస్సులో చచ్చి బతికితి నైనా నేను!"

ఆయన తలుపు వైపు చూశాడు, జీపు వైపు చూశాడు, చివరికి తన పాదాల వైపు చూశాడు. "సత్యం చేసింది కుడిచెయ్యి గదా. ఎడంచెయ్యి చెయ్యలే. అందుకని ఎడంచేత్తో చేస్తి. ఈ చెయ్యి విన్లే పాపా. నలపై ఏండ్ల అలవాటు. పానా చూస్తే దానికదే పోతా ఉండె. ఎందుకులే అని కట్టేస్తి."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ చేశాను, జీపు యజమాని ముందే. అప్పుడు చూశాను ఆయన ఎడమచేతిని. కణుపుల నిండా పాత గాయాల మచ్చలు. అలవాటు లేని చేతిలోంచి పానా జారి జారి కొట్టుకున్నవి, ఒకదాని మీద ఒకటి, ఆరేళ్లవి. పొద్దున నా కణుపులకు తగిలిన దెబ్బ ఒక్కటే, దానికే ఊరంతా వినేలా అరిచాను.

ఇంకోసారి ఏడవకూడదని కోపం తెచ్చుకుని బిరడా ఆయన ముందు పెట్టాను. "ఇది చూడు. పొద్దుటినుంచి నా ప్రాణం తీసె. ఇది చుట్టే లక్షణమా?"

నాన్న కళ్లజోడు సర్దుకుని బిరడాను వెలుతురులో తిప్పి చూశాడు. టైరు మీద చతికిలబడ్డాడు.

"తిప్పి చుట్నానా?"

"ఆమా."

"ఆరేండ్లూ?" అన్నాడు. "ఏటేటా తెరిచేదానికి నాకే అర్ధపూట పట్టె. ఎడంచేతికి బలం చాలలేదని అనుకొంటి. చూడకుండానే చుడ్తా గదా, అలవాటుగా. తిరగబడిందని తట్టనేలే. నా కండెలు చూసి నేర్చుకోమని మా నైనా ఊరందరికీ చెప్పేవాడే!" అని తల పట్టుకున్నాడు. నేను రావడం కన్నా ఆ ఎదురు చుట్టే ఆయన్ని ఎక్కువ కుదిపేసినట్టుంది.

కాసేపటికి తల ఎత్తాడు. "పక్క బిరడా ముందర తెరిస్తివా?"

నేను గోడ మీద క్యాలెండరు చూడసాగాను.

"తెరవలే! ఏడేండ్లప్పుడు నేర్పిస్తినే! అదీ నేనేదా చుట్టింది, అదీ ఇట్లేదా ఇరుక్కొని ఉంటాది. రేపు ఆడోళ్లు నడిచి పోవల్లా ఆఫీసుకు?" అంటూ లేచాడు. గూట్లోంచి ఏవో తీసి సంచిలో వేసుకున్నాడు. జీపు యజమానితో, "నీది రేప్పొద్దున. నా కూతురి బండి నిలిచిపోయె" అన్నాడు. ఆ మాట నేను విననట్టు నటించాను.

కోవిల్‌పట్టి చేరేసరికి నాలుగైంది. సన్నగా తుంపర. ఇద్దరం పట్టా పరుచుకుని వ్యాను కింద దూరాం. నాన్న ముందు ఎడమచేత్తో క్లచ్ కేబులు పట్టుకుని లాగి చూశాడు. "ఆయిలు కాదే, ఇది సాగిపోయె. అందుకే కర్రుమంటా ఉండాది. మంచి ఆయిలు పారబోస్తివి గదే." అత్త చేసిన ఘనకార్యం గురించి నేను నోరెత్తలేదు. ఆమే వాకిట్లోంచి చెప్పుకుంటోంది.

పక్క బిరడా కోసం పానా తీశాడు. ఆయన కుడిచెయ్యి దానంతట అదే లేచింది. మధ్యలో ఆపుకుని దాన్ని తల కింద పెట్టేసుకున్నాడు. ఎడమచెయ్యి చాపాడు. నేను ఆ మచ్చల చేతిని పట్టుకుని ఆపాను.

"ఇంక చాలు నైనా."

ఆయన నా వైపు తిరిగాడు. వ్యాను కింద చాలీచాలని వెలుతురులో ఇద్దరి మొహాలూ జానెడు దూరంలో ఉన్నాయి. తరువాత పానా నా కుడిచేతిలో పెట్టి, "అట్లయితే నువ్వేదా తెరవల్లా" అన్నాడు.

పిడి పట్టుకోగానే తెలిసిపోయింది. చివర నొక్కు, దాని పక్కన నేను చిన్నప్పుడు పూసిన పచ్చ నెయిల్ పాలిష్ చుక్క. పదో క్లాసులో నా చేతిలోంచి లాక్కున్న పానా అది. ఇన్నేళ్లూ ఎవరికీ ఇవ్వకుండా గూట్లో పెట్టుకున్నాడు. నా కళ్లు మసకబారి బిరడా కనబడలేదు. అయినా పానా వేశాను. వెంట్రుకవాసి బిగించి, విప్పాను. నాన్న కుడిచేత్తో పైపు పట్టాడు, అది ఇనుప పైపే కదా, బండి కాదు కదా అంటూ. నాలుగోసారికి వదిలింది.

రెండు బిరడాలూ తుడిచాక ఆయన జేబులోంచి ఎర్రనూలు తీశాడు. అడుగు బిరడాను తన ఎడమచేతి వేళ్ల మధ్య నిలబెట్టి పట్టుకుని, నూలు కొస నాకు అందించాడు. నేను కుడిచేత్తో చుట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు అని ఆయన లెక్కపెడుతున్నాడు. మూడో చుట్టుకు ఆపమన్నాడు. కళ్లజోడు పైకి నెట్టి, నూలు ఏ వైపుకు వాలిందో దగ్గరగా పెట్టి చూశాడు.

"సరిగ్గా ఉండాది పాపా. చుట్టు."